మణికట్టులోని కట్లు

నేడు నేను ముచ్చటింపబోవునది జానెడు స్థలమునకు మించని విషయము. అది మన అరచేతికిని ముంజేతికిని నడుమ నుండు మణికట్టు. గ్రామములో ఎవడైనను జారిపడి, చేయి పట్టుకొని ఇంటికి వచ్చినప్పుడు, వానిని ఎక్కడికి తీసికొనిపోవలెనో నిర్ణయించువారు సాధారణముగా పెద్దలే. “ఏమియు లేదు, బెణికినది, కాస్త నూనె రాసి రుద్దించుకొనుము” అని మీరన్నచో వాడు రుద్దించుకొనును. “ముందు ఆసుపత్రిలో చూపింపుము” అన్నచో చూపించును. ఆ ఒక్కమాట మీద ఒక సంసారపు జీవనము ఆధారపడియుండు సందర్భములు కలవు. అందుచేతనే ఈ ప్రసంగము మీ కొరకు ఉద్దేశింపబడినది. నేను వైద్యుడను కాను. పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. వైద్యశాస్త్రము నిర్ణయించిన సంగతులను తెలిసికొని, మన మాటలలో మనవి చేయుచున్నాను.

మణికట్టును సంస్కృతమున మణిబంధమందురు. మణులను కట్టుకొను తావు గనుక ఆ పేరు. పెండ్లిలో కంకణము కట్టునది అక్కడనే. రాఖీ కట్టునది అక్కడనే. గడియారము కట్టునది అక్కడనే. అయితే వెలుపల మనము కట్టు ఈ కట్లకంటె, లోపల ప్రకృతి కట్టిన కట్లు వేయిమడుంగులు విలువైనవి. అవి తెగిన సంగతి పైకి కనబడదు. అదియే చిక్కు.

లోపలి నిర్మాణము కొంచెము తెలిసిననే గాని మిగిలినది బోధపడదు. ముంజేతిలో రెండు పొడుగాటి ఎముకలు కలవు. బొటనవ్రేలి వైపునది రత్ని, చిటికెనవ్రేలి వైపునది అరత్ని అని మన బడిపుస్తకములలో చెప్పుదురు. వాని కొనలకు ఆవల, గులకరాళ్ళవంటి చిన్న ఎముకలు ఎనిమిది, వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలుగా అమరియున్నవి. వానిలో మనము జ్ఞాపకముంచుకొనవలసినవి రెండే. బొటనవ్రేలి వైపున పడవ ఆకారముగలది ఒకటి. దాని ప్రక్కనే చంద్రవంక ఆకారముగలది మరియొకటి. పడవ ఎముక, చంద్ర ఎముక అని పిలుచుకొందము. పాశ్చాత్యులు వానికి పెట్టిన పేర్ల అర్థములును ఇవియే.

ఈ ఎముకలను ఒకదానితో నొకటి బిగించియుంచునవి స్నాయువులు. స్నాయువనగా ఎముకను ఎముకతో కట్టు గట్టి నారవంటి పట్టీ. దీనిని నరముతో కలిపి చెప్పరాదు. నరము స్పర్శజ్ఞానమును, మెదడు ఆజ్ఞను మోసికొనిపోవునది. కండకొనను ఎముకకు తగిలించు త్రాడు ఇంకొకటి. మన ఊళ్ళలో ఈ మూటికిని నరమనియే పేరు. “నరము పట్టినది”, “నరము తొలగినది” అందురు. పేరు తప్పినచో చికిత్సయు తప్పును. తొలగిన నరమును రుద్ది స్వస్థానమునకు తేవచ్చునని తలచినవాడు, తెగిన స్నాయువును రుద్దించును. తెగిన పట్టీ రుద్దినంత మాత్రమున అతుకుకొనదు. కొంచెము చినిగియున్నది కాస్తా ఇంకను చినుగవచ్చును.

సుశ్రుతసంహితలోని శారీరస్థానమున స్నాయువులు తొమ్మిదివందలని లెక్క కలదు. వానిలో ఆరువందలు కాలుసేతులలోనే యున్నవని ఆ గ్రంథము చెప్పును. నేటి శారీరశాస్త్రపు లెక్క వేరు. సంఖ్యను గూర్చి వాదింప బనిలేదు. కాని సుశ్రుతుడు ఇచ్చిన ఉపమానము నేటికిని చెల్లును. పలకలను కట్లతో గట్టిగా బిగించిన పడవ నీటిమీద బరువు మోయునట్లే, స్నాయువులచే బంధింపబడిన కీళ్ళ బలముచేత మనుష్యుడు భారమును మోయుచున్నాడని ఆయన భావము. పలకలన్నియు చెక్కుచెదరకున్నను, కట్లు వదలిన పడవ నీటిపాలగును గదా! మణికట్టు విషయమున ఇది మిక్కిలి నిజము. ఏలయనగా పడవ ఎముకకు గాని చంద్ర ఎముకకు గాని ముంజేతి కండల త్రాళ్ళు ఏవియు నేరుగా తగిలియుండవు. వానిని తమ తావున నిలుపుట స్నాయువుల మీదనే ముఖ్యముగా ఆధారపడియున్నది.

ఇక దెబ్బ ఎట్లు తగులునో చూతము. గట్టు మీద కాలు జారును, మోటారు సైకిలు బురదలో పక్కకు ఒరుగును, నిచ్చెనమెట్టు తప్పును. పడువాడు తనకు తెలియకుండగనే అరచేయి నేలకు ఆనించును. శరీరభారమంతయు వెనుకకు వంగిన ఆ మణికట్టు మీద పడును. పాటు ఒకటే యైనను వయస్సును బట్టి ఫలము వేరు. చిన్నపిల్లలలో ఎముక పెరుగు చోటనో దానికి సమీపముననో దెబ్బ తగులును. నడివయస్సువారిలోను యువకులలోను పడవ ఎముక విరుగుట గాని, స్నాయువు తెగుట గాని జరుగును. వృద్ధులలో, విశేషించి వృద్ధస్త్రీలలో, ఎముక గుల్లబారి యుండుటచేత రత్ని కొన విరుగును. ఈ విరుపును 1814లో డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాము కాలిసు వర్ణించెను. నేటికిని అది ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. నిలిచిన ఎత్తునుండి పడిన మాత్రమున ముసలితల్లికి మణికట్టు విరిగినచో, చేతికి కట్టు కట్టి ఊరకుండక, ఎముకల బలమును గూర్చియు వైద్యుని అడుగవలెను. తరువాతి పాటులో తుంటి విరుగకుండ కాపాడుకొనుటకు అదియే అదను.

స్నాయువు దెబ్బతినుటలో మూడు అంతరములు కలవు. కేవలము సాగుట మొదటిది. కొంత చినుగుట రెండవది. పూర్తిగా తెగుట మూడవది. మొదటిది కొన్ని వారముల విశ్రాంతిచేతనే నయమగును. మన ఊరి బెణుకులలో పెక్కు అట్టివే. కనుకనే రుద్దినను, రుద్దకున్నను అవి తగ్గిపోవును. తగ్గిన కీర్తి రుద్దినవానికి దక్కును. ఆ కీర్తిని నమ్మి మూడవ తరగతి దెబ్బను కూడ అట్లే చూచినచో ప్రమాదము.

పడవ ఎముకకును చంద్ర ఎముకకును నడుమ నుండు స్నాయువు తెగినప్పుడు ఏమగునో వినుడు. ఆ రెండు ఎముకలును జోడెద్దులవంటివి. చేయి వంగునప్పుడు పడవ ఎముక ముందుకు వాలజూచును; చంద్ర ఎముకకు వెనుకకు తిరుగు స్వభావము కలదు. నడుమ పట్టీ రెంటిని కలిపియుంచుటచేత ఒక్కటిగా కదలును. కాడి విరిగిన యెడ్లు చెరియొక దిక్కునకు లాగినట్లు, పట్టీ తెగినపిమ్మట అవి వేరువేరు మార్గములు పట్టును. వాని నడుమ సందు పెరుగును. ఎముకల కొనలనున్న నున్నని మృదులాస్థి ఒరసికొని అరుగును. ఇది ఒకనాటిలో జరుగదు. వాపు తీసిపోయి, మనుష్యుడు మరచిపోయిన తరువాత, ఏండ్ల తరబడి లోపల జరుగును. మణికట్టు ఎముకలు ఇట్లు పట్టు తప్పుటను గూర్చి అమెరికాలోని లిన్‌షైడు, డాబిన్సు మొదలగు వైద్యులు 1972లో విపులముగా వ్రాసిరి. అరుగుదల ఏ క్రమమున వ్యాపించునో వాట్సను, బాలెట్టు అను వైద్యులు 1984లో నిరూపించిరి. కనుక ఇది విద్యావంతులైన వైద్యులకు సయితము చిరకాలమునుండి తెలిసిన సంగతి కాదు. గ్రామమున తెలియకపోవుట తప్పు కానేకాదు.

నా యొద్ద చదువుకొన్న ఒకడు కల్లుగీత వృత్తిలో నుండెను. మోకు వేసికొని తాడిచెట్టు ఎక్కుటలో చురుకైనవాడు. ఒక వానకాలమున మోటారు సైకిలు మీదనుండి అరచేయి ఆనించి పడెను. ఫోటో తీసినచోట “ఎముక విరగలేదు” అనిరి. ఆ మాటతో ఇంటివారు సంతోషించి, రుద్దువానియొద్దకు తీసికొనిపోయిరి. మూడు పర్యాయములు లాగి రుద్దిరి. వాపు తగ్గెను. వాడు మరల చెట్టెక్కెను. మోకును బిగించి పట్టినప్పుడెల్ల మణికట్టులో టక్కుమను చప్పుడును, సూదితో పొడిచినట్లు నొప్పియు కలుగుచుండెడివి. రెండేండ్లు ఓర్చుకొనెను. మూడవ యేట పిడికిలిలో పట్టు సడలి, చెట్టునడుమ చేయి జారి, అదృష్టవశమున మోకు కాపాడుటచేత బ్రతికెను. అప్పుడు పెద్ద ఆసుపత్రిలో చూపగా, స్నాయువు ఏనాడో తెగినదనియు, మృదులాస్థి అరిగినదనియు చెప్పి, కొన్ని ఎముకలను ఒకటిగా అతికించిరి. నొప్పి తగ్గినది, చేయి మునుపటివలె వంగదు. చెట్టెక్కుట మానెను. ఇప్పుడు చిన్న దుకాణము పెట్టుకొని జీవించుచున్నాడు.

ఇందులో మనము గ్రహింపవలసినది ఏమనగా, “ఎముక విరగలేదు” అను మాటకు “దెబ్బ లేదు” అని అర్థము కాదు. 1895లో రాంట్‌జెను పండితుడు ఎక్సు కిరణములను కనిపెట్టి, మొదట తీసిన మనుష్యచిత్రము తన భార్య చేతిదే. అందులో ఎముకలును ఆమె ఉంగరమును కనబడెను. మాంసము నీడవలె మాత్రమే కనబడెను. నేటికిని ఆ కిరణముల స్వభావము అదే. ఎక్సురేలో స్నాయువు కనబడదు. ఎముకల నడుమ సందు పెరిగినదా యనుటను బట్టి ఊహింపవలెను. పడవ, చంద్ర ఎముకల నడుమ సందు మూడు మిల్లీమీటర్లకు మించినచో అనుమానింపవలెనని వైద్యులందురు. ఊరకనే చేయి చాచి తీసిన చిత్రమున ఆ సందు కనబడక, పిడికిలి బిగించి తీసిన చిత్రమున కనబడుటయు కలదు. రెండవ చేతితో పోల్చి చూచుటయు మంచిది. ఇంకను సందేహమున్నచో ఎమ్మారై పరీక్ష గాని, సన్నని గొట్టముతో కీలులోనికి చూచు పరీక్ష గాని చేయుదురు.

మరియొక మోసము కలదు. పడవ ఎముకలోని సన్నని పగులు మొదటినాటి ఎక్సురేలో కనబడకపోవచ్చును. పదినుండి పదునాలుగు దినముల తరువాత మరల తీసినచో బయటపడును. ఆ ఎముకకు రక్తము ఎక్కువగా వ్రేళ్ళ వైపు కొననుండి వెనుకకు ప్రవహించును. నడుమ విరిగినచో ముంజేతి వైపు ముక్కకు, కాలువ తెగిన మడివలె, రక్తమందక అది చచ్చిపోవచ్చును. కాబట్టి అనుమానమున్నప్పుడు, చిత్రము బాగుగానున్నను, వైద్యుడు చేతికి కట్టు కట్టి “రెండువారములకు మరల రమ్ము” అన్నచో, అది కాలహరణమని తలపక తప్పక వెళ్ళవలెను.

ఇంటియొద్ద గుర్తింపదగిన చిహ్నములు కొన్ని కలవు. బొటనవ్రేలిని బాగుగా పైకి చాచినచో, దాని మొదట మణికట్టు ప్రక్కన ఒక గుంట పడును. నస్యము పీల్చు పెద్దలకు ఈ గుంట సుపరిచితమే. పాశ్చాత్య శారీరశాస్త్రజ్ఞులు దానికి నస్యపు డబ్బీ అనియే పేరు పెట్టిరి. పడినవానికి అక్కడ వ్రేలితో నొక్కగా నొప్పియున్నచో పడవ ఎముక విరిగినదేమో యని అనుమానింపుడు. చేతి వెనుకవైపున, మణికట్టు నడిమి పల్లములో నొప్పియున్నచో, పడవ, చంద్ర ఎముకల నడిమి స్నాయువును అనుమానింపుడు. మణికట్టునుండి చిటికెనవ్రేలి దాక నుండు అరచేతి అంచును అమరసింహుడు కరభమన్నాడు. ఆ కరభపు మొదట నొప్పి కలిగి, తడిబట్ట పిండునప్పుడు, తాళపుచెవి త్రిప్పునప్పుడు, చేయి నేలకానించి లేచునప్పుడు అది హెచ్చినచో, ఆ వైపున ముంజేతి ఎముకల కొనలను కలిపియుంచు త్రికోణపు మెత్తయు, దాని కట్లును దెబ్బతినియుండవచ్చును. కదలించినప్పుడు నొప్పితో కూడిన టక్కుమను చప్పుడు, పిడికిలిలో బలము తగ్గుట, వారము దినములు గడచినను నొప్పి తీయకుండుట — వీనిలో ఏ ఒక్కటి యున్నను ఎముకల వైద్యునికి చూపవలెను.

ఆలస్యము చేయక ఆనాడే పోవలసిన సందర్భములు వేరు. చేయి వంకరపోయినను, వ్రేళ్ళు తిమ్మిరియెక్కినను, చల్లబడినను, నీలివర్ణమునకు తిరిగినను, గాయమునుండి ఎముక కనబడినను, ఒక గంటయైనను ఆగరాదు.

ఆసుపత్రికి చేరులోపల చేయవలసిన పనులు సులభమైనవే. మొట్టమొదట ఉంగరములు, గాజులు, కడియములు తీసివేయుడు. వాపు వచ్చినపిమ్మట అవి రావు. మంచుగడ్డను బట్టలో చుట్టి, పావుగంట చొప్పున దినమునకు నాలుగైదుసార్లు ఉంచుడు. చర్మమునకు నేరుగా తాకింపరాదు. మంచు దొరకనిచో చల్లని తడిగుడ్డ వాడుడు. ఒక అట్టముక్కను గాని పలుచని చెక్కను గాని మెత్తని గుడ్డతో చుట్టి, మణికట్టును ఉన్న స్థితిలో కదలకుండునట్లు వదులుగా కట్టుడు. వ్రేళ్ళకొనలు కనబడుచుండవలెను. చేతిని గుండెకంటె ఎత్తున దిండు మీద నుంచుడు. మొదటి రెండు దినములు వేడికాపడము, నూనెమర్దన, లాగుట, విరుచుట ఏవియు వలదు. నొప్పి మాత్రలను వైద్యుని అడుగక మ్రింగరాదు. విశేషించి మూత్రపిండముల జబ్బు గాని కడుపులో పుండు గాని కలవారికి అవి హాని చేయును.

ఇక నాటుకట్టును గూర్చి ఒకమాట. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. తరతరములుగా వచ్చిన విద్యను నేను నిందింపను. సంప్రదాయ విద్యలోనే పెరిగినవాడను. నా ప్రార్థన ఇంతే: కట్టు ఎవరు కట్టినను, చూచిన తరువాతనే కట్టవలెను, చూడక కట్టరాదు. బద్దలు వేసి మిక్కిలి బిగించి కట్టినచో రక్తము ఆడక కండలు చచ్చి, వ్రేళ్ళు పక్షిగోళ్ళవలె ముడుచుకొనిపోవును. ఈ వికృతిని జర్మనీ వైద్యుడు ఫోల్కుమను 1881లోనే వర్ణించెను. కట్టు కట్టిన తరువాత నొప్పి తగ్గుటకు మారుగా హెచ్చుచున్నను, వ్రేళ్ళను మెల్లగా చాచగా భరింపరాని బాధ కలిగినను, కట్టినవాడు వచ్చువరకు కాచుకొనక తక్షణమే కట్టు వదులు చేసి ఆసుపత్రికి పోవలెను. పిల్లలు చెప్పలేరు గనుక వారి వ్రేళ్ళను పెద్దలే గంటకొకసారి చూడవలెను.

చికిత్సలో కాలమునకే ప్రాధాన్యము. సాగిన స్నాయువునకు కొన్ని వారములు పట్టీయు, విశ్రాంతియు చాలును. పూర్తిగా తెగినదానిని సుమారు ఆరువారములలోపల కనుగొన్నచో, తెగిన కొనలను తిరిగి కుట్టి, ఎముకలను సన్నని తీగలతో కొంతకాలము నిలిపి బాగుచేయుట సాధ్యమగును. ఆలస్యమైనచో కొనలు ముడుచుకొని కుట్టుటకు అందవు; అప్పుడు వేరొక త్రాటిలో కొంత భాగమును తీసి క్రొత్తపట్టీ అల్లవలసి వచ్చును. కీలు అరిగినపిమ్మట మిగిలినది, కొన్ని ఎముకలను తీసివేయుటయో అతికించుటయో మాత్రమే. అప్పుడు నొప్పి తీరును గాని చలనము కొంత నష్టమగును. ఒకే దెబ్బకు మూడు కాలములలో మూడు ఫలములు. మొదటివారములో ఒకదినపు కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోవుట మేలా, తరువాత వృత్తినే పోగొట్టుకొనుట మేలా? మీరే ఆలోచింపుడు.

స్నాయువునకు రక్తప్రసారము తక్కువ గనుక అది మెల్లగా మానును. వాపు పోయిన మాత్రమున మానినట్లు కాదు; లోపలి నార బలపడుటకు నెలలు పట్టును. పట్టీలో నున్నను, వైద్యుడు వలదనని పక్షమున, వ్రేళ్ళను ముడుచుచు చాచుచు నుండవలెను. లేనిచో అవి బిగిసికొనిపోవును. రబ్బరుబంతిని గట్టిగా పిసుకుట బలమునకు మంచిదని కొందరు మొదటనే ఆరంభింతురు. అది తగదు. పిడికిలి బిగించినకొలది ఆ రెండు ఎముకలు ఎడముగా త్రోయబడును. వైద్యుడు అనుమతించిన పిమ్మట, సుత్తితో మేకు కొట్టునప్పుడు చేయి కదలు ఏటవాలు మార్గమున, సుత్తి లేకుండ, మెల్లగా కదలించుట మొదలుపెట్టింతురు. ఆ కదలికలో ఆ స్నాయువు మీద ఒత్తిడి తక్కువ. గొడ్డలిపని, పారపని, బరువు బిందెలు ఎత్తుట కడపట రావలెను.

పడకయే మణికట్టు నొచ్చినచో అది వేరు విషయము. రెండు మణికట్లును వాచి, తెల్లవారి లేచిన తరువాత గంటకు పైగా బిగిసియున్నచో కీళ్ళవాతము కావచ్చును. అకస్మాత్తుగా ఎఱ్ఱబారి, జ్వరముతో కూడ నొచ్చినచో కీలులో చీము చేరియుండవచ్చును, అది అత్యవసరము. వీనిని బెణుకని పేరు పెట్టి ఊరకుండరాదు.

అయ్యలారా, రైతు కొడవలి, సాలె మగ్గము, కుమ్మరి సారె, ఇల్లాలి కవ్వము, బడిపిల్లవాని కలము — అన్నియు ఈ జానెడు చోటు మీదనే నిలిచియున్నవి. రేపు మీ వాకిట ఎవడైన చేయి పట్టుకొని నిలిచినప్పుడు, మీ నోట మూడుమాటలు వెడలుగాక: రుద్దవద్దు, కదలకుండ కట్టుడు, ముందు చూపింపుడు. రెండువారములు గడచినను నొప్పి తీరనిచో నాలుగవ మాటయు చేర్పుడు: మరల చూపింపుడు.